అప్ప లెగట్నేదు

నేను ఒక టెలిఫోనును. ఆ సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి ఒక పిల్ల ఊపిరి నా తీగలో చిక్కుకుంది.

మామూలు ఊపిరి కాదు. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, పక్కగదికి వినపడకుండా పీల్చే ఊపిరి. ఈ చివర నా రిసీవరు వన్నూరమ్మ చెవి దగ్గర ఉంది. ఆమె అప్పుడే టిఫిను డబ్బా మూత తీసింది. జొన్నరొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"పాపా, వినబడుతుండాదా? నేను వన్నూరక్కను. భయపడాకు. చెప్పు."

ఊపిరి. మళ్ళీ ఊపిరి. ఆ తర్వాత రెండే రెండు మాటలు.

"అప్ప లెగట్నేదు."

"ఎప్పటి నుంచి?"

"పొద్దున్నుంచి."

వన్నూరమ్మ భుజాలు కొద్దిగా కిందికి దిగాయి. భయం పోయి, దాని చోట అలసట వచ్చింది. "తాగినాడా?" అని అడిగింది. జవాబుకు ఆగలేదు.

"మొగం మీద నీళ్ళు చల్లు పాపా, లేస్తాడు. ఏమీ కాదు. మీ అమ్మ యాడుంది? మీ ఇల్లు యాడ?"

"ఎవలు?" అంది పిల్ల.

అంతే. దూరంగా తలుపు చప్పుడైంది. చెప్పుల అడుగులు. లైను తెగిపోయింది.

వన్నూరమ్మ రిజిస్టరు తెరిచి రాసింది: ఆడపిల్ల, ఎనిమిదీ తొమ్మిదేళ్ళు. తండ్రి తాగి పడిపోయాడు. మధ్యలో కట్ అయింది. పేరు గడి ఖాళీ. చిరునామా గడి ఖాళీ. ఊరి గోడల మీద నంబరు రాయించి ఆపదలో ఉన్న పిల్లల కోసం నడిపే ఆ కేంద్రానికి అలాంటి ఫోన్లు వారానికి నాలుగైనా వస్తాయి. ఆమె రొట్టె ముక్క కూరలో అద్దుకుంది.

నాకు అరవాలనిపించింది. కానీ నేను అరవగలిగింది ఒక్క గంటమోత మాత్రమే. అదీ అవతల ఎవరో నంబరు నొక్కితేనే.

ఎందుకంటే ఆమెకు తెలియని సంగతులు రెండు నాకు తెలుసు. ఆ పిల్ల భాషలో అప్ప అంటే తండ్రి కాదు. అదొకటి. ఇంకొకటి, ఆ పిల్ల ఊపిరి వెనకాల ఒక ఉయ్యాల బల్ల గొలుసు కిర్రుమంటోంది. మూడుసార్లు కిర్రుమని, ఒకసారి ఆగి, మళ్ళీ మూడుసార్లు. ఎవరో అప్పుడే దాని మీంచి లేచి వెళ్ళారు. ఆ గొలుసు చప్పుడు నేను ఎనిమిదేళ్ళు విన్నాను. ఆ ఇల్లు నాకు తెలుసు.

ఎలా తెలుసో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి. త్వరగానే చెబుతాను. అక్కడ ఎవరో లేవడం లేదు.

నేను పుట్టింది ఒక పొడవాటి షెడ్డులో. నీలం కోటు తొడుక్కున్న అమ్మాయిలు వరసగా కూర్చుని నా కడుపులో తీగలు అతికించారు. చివరి బల్ల దగ్గర ఒకామె నన్ను చెవికి ఆనించుకుని "హలో, ఒకటి, రెండు, మూడు" అంది. నేను పుట్టాక విన్న మొదటి మాట అది. ఎవరితోనూ అన్నది కాదు. అవతల ఎవరూ లేరు. నా జీవితం ఎలా ఉండబోతోందో అప్పుడే అర్థం చేసుకోవాల్సింది.

అక్కడి నుంచి కన్నడ సరిహద్దుకు దగ్గరున్న ఈ ఊరికి వచ్చాను. ఊరి పేరు ఎందుకులెండి, పట్టు మగ్గాల ఊరు. బస్టాండు ఎదురుగా అద్దాల పెట్టెలో నన్ను పెట్టారు. పైన ఎర్రంకెల మీటరు. మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికే నన్ను కనిపెట్టారని నేను నమ్మిన రోజులవి. మీటరు తిరుగుతుంటే ప్రేమలు ఎంత తొందరగా ముగుస్తాయో, అబద్ధాలు ఎంత క్లుప్తంగా ఉంటాయో అక్కడే చూశాను. "బాగున్నాను, బాగున్నాను, పెట్టేస్తున్నా" అన్న మనిషి రిసీవరు పెట్టేశాక అద్దానికి నుదురు ఆనించి నిలబడిపోయేవాడు. నిలబడినంతసేపూ మీటరు తిరగదు గనక ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

ఆదివారాలు శ్రీకాకుళం వైపు కూలీలు వరస కట్టేవాళ్ళు. రోడ్డు పనికీ, గాలిమరల పనికీ మేస్త్రీలు తోలుకొచ్చినవాళ్ళు. "అప్పా, నానే! బావెలాగున్నాడు?" అని అరిచేవాళ్ళు. వాళ్ళకు అప్ప అంటే అక్క. ఇక్కడివాళ్ళకు అప్ప అంటే నాన్న. అంతటితో ఆగరు. ఇక్కడ ఎదురొచ్చిన ప్రతి మగవాడూ అప్పే. "ఏమప్పా", "రాప్పా", "పోప్పా". అప్ప లేని వాక్యం ఈ ఊళ్ళో పుట్టదు. ఒకే మాటకు రెండు అర్థాలు నాలో ఏళ్ళ తరబడి పక్కపక్కనే పడి ఉన్నాయి. నన్నెవరూ అడగలేదు. ఫోనును ఎవరు అడుగుతారు?

తర్వాత అందరి జేబుల్లోకీ సెల్లులు వచ్చాయి. అద్దాల పెట్టె మూతపడింది. ఆ గది ఒక పెద్దాయనది. గది ఖాళీ చేసినప్పుడు నేను గదితోపాటు ఆయనకు మిగిలిపోయాను. ఆయన నన్ను తన ఇంటి హాల్లో ఉయ్యాల బల్ల పక్కన పెట్టించాడు. ఆయన పేరు నేను చెప్పను. చెప్పలేను. ఎవరైనా పలికితే మోస్తాను, అంతవరకే నా శక్తి.

ఆ ఇంటి వెనక మగ్గాల షెడ్డు. పగలంతా టకటకమనే చప్పుడు. ఆయన గొంతు మాత్రం మెత్తన. నాతో ఎనిమిదేళ్ళు మాట్లాడాడు, ఒక్కసారీ అరవలేదు. ఆ ఇంట్లో ఎప్పుడూ ఒకరిద్దరు ఆడపిల్లలు ఉండేవాళ్ళు. నూలు చుట్టే పిల్లలు, ఇల్లు తుడిచే పిల్లలు. ఏటేటా మారేవాళ్ళు. ఎవరైనా అడిగితే "మా ఇంటి పిల్లే" అనేవాడు. పేరు అడిగితే కాసేపు ఆలోచించేవాడు.

ఒక పిల్ల నన్ను రోజూ తడిగుడ్డతో తుడిచేది. ఇల్లంతా నిద్రపోయే మధ్యాహ్నం రిసీవరు తీసి చెవికి పెట్టుకునేది. ఎవరికీ చేసేది కాదు. చేయడానికి దానికి నంబర్లేవీ తెలియవు. నాలోంచి వచ్చే ఆ ఒకే ఒక్క మోతను వింటూ నిలబడేది. నా బతుకులో నన్ను నన్నుగా విన్నది ఆ పిల్ల ఒక్కటే. ఒక మధ్యాహ్నం వెనకనుంచి మెత్తని అడుగులు వచ్చాయి. తర్వాత ఆ పిల్ల మళ్ళీ కనిపించలేదు.

హాల్లోకి తీగ లేని ఫోను వచ్చింది. అప్పుడే ఊళ్ళో పిల్లల సహాయ కేంద్రం పెడుతున్నారు. పెద్దాయన తన పాత మేడ ఒకటి ఇచ్చాడు. అందులోకి నన్నూ ఇచ్చాడు. నా మెడకు గులాబీ రిబ్బను కట్టి పేపరు వాళ్ళ ముందు అందించాడు. "పిల్లలు దేవుళ్ళతో సమానం" అన్నాడు. చప్పట్లు కొట్టారు. దేవుళ్ళను మనుషులు ఎక్కడ పెట్టి తాళం వేస్తారో ఆ సభలో ఎవరికీ గుర్తు రాలేదు.

ఏడేళ్ళుగా ఇక్కడున్నాను. పిల్లలు ఏడుస్తారు, గుసగుసలాడతారు, కొందరు ఊరికే నవ్వి పెట్టేస్తారు. ఏమీ మాట్లాడని వాటిని వన్నూరమ్మ "ఊపిరి ఫోన్లు" అంటుంది. జీపు వెళుతుంది. పిల్లను తెస్తారు, లేదా తేరు. బాలల సంక్షేమ సమితి ముందు పెడతారు, బడిలో చేరుస్తారు, తల్లిదండ్రులను పిలిపించి నచ్చజెబుతారు. అవన్నీ పక్కగదుల్లో. నాకు దక్కేది మొదటి రెండు నిమిషాలే. ఏ పిల్లా నాకు రెండోసారి ఫోను చేయదు. బాగుపడి చేయలేదో, చేయలేక చేయలేదో నాకు తెలియదు. వేలమంది గొంతులు తెలుసు. ఒక్క ముఖమూ తెలియదు.

సరే. సోమవారానికి వద్దాం.

వన్నూరమ్మకు రెండో రొట్టె దిగలేదు. చేయి కడుక్కుని కేంద్రం నడిపే మక్బూల్ సారు బల్ల దగ్గరికి వెళ్ళింది.

"సార్, ఒక పాప చేసింది. నాయన తాగి పడిపోయినాడంట. మామూలుదే. కానీ యాలనో మనసు ఒప్పడంలేదు. నంబరు దొరుకుతాదేమో ఎక్స్చేంజిలో కనుక్కుందామా?"

మక్బూల్ సారు మంచి మనిషి. భయం ఉన్న మంచి మనిషి. "ఎక్స్చేంజికి లెటరు పెట్టాలమ్మా. పైనుంచి సంతకం కావాలి. మూడు దినాలు పట్టొచ్చు." గడ్డం గోక్కున్నాడు. అప్పుడు ఆయనకు ఒక ఉపాయం తట్టింది. "అన్నకు చెప్పనా? ఆయన మాటైతే ఎక్స్చేంజిలో చెల్లుతుంది."

నా అంకెల మీద ఆయన వేలు ఒక్కొక్కటే నొక్కింది. నొక్కుతుంటే నాకు తెలుస్తూనే ఉంది. ఆపడానికి నాకు చేతులు లేవు.

అవతల ఎత్తారు. మెత్తని గొంతు. దాని వెనక ఉయ్యాల గొలుసు.

"అన్నా, నేను మక్బూల్. చిన్న సాయం. ఒక పాప ఫోను చేసిందన్నా, ఇప్పుడే, ఒంటిగంటా నలభైకి. నంబరు కావాల్ల."

"అట్లనా. ఏం చెప్పింది పాప?"

"అప్ప లేవడం లేదని."

గొలుసు ఆగింది.

తీగకు ఆ చివర ఒక మనిషి కాలు నేలకు ఆనించి ఉయ్యాలను ఆపిన చప్పుడది. ఒక్క క్షణం. మక్బూల్ సారుకు అది వినపడలేదు. మనుషులు మాటలను వింటారు, మాటలు ఆగిన చోటును వినరు.

"తాగుబోతు నాయాళ్ళు ఎక్కువైనారు సార్ మన ఊర్లో," అంది మెత్తని గొంతు. గొలుసు మళ్ళీ కదిలింది. "పాప పేరేమన్నా చెప్పిందా?"

"లేదన్నా, అంతలోకే కట్టయింది."

"నేను చూస్తా. మీరు లెటరూ గిటరూ పెట్టుకోవద్దండి."

"మీ ఉపకారం అన్నా," అన్నాడు మక్బూల్ సారు. రిసీవరును ఎంతో గౌరవంగా పెట్టాడు.

ఆ రోజంతా నేను మోగినప్పుడల్లా అదే పిల్ల అనుకున్నాను. కాదు. బస్సులో తప్పిపోయిన ఒక పిల్లాడు. పెళ్ళి ఆపమని ఒక పదో తరగతి అమ్మాయి. ఎవరో తాగి బూతులు. ఆరింటికి మరో అక్క డ్యూటీకి వచ్చింది. పెద్దాయన దగ్గరనుంచి ఏ కబురూ రాలేదు.

మంగళవారం పది దాటాక జీపు డ్రైవరు లోపలికి వచ్చాడు. మనిషి పేరు ఢిల్లేశ్వరరావు. శ్రీకాకుళం దగ్గరి పల్లె. రోడ్డు కాంట్రాక్టరు లారీ తోలుతూ ఇటొచ్చి, పని అయిపోయాక ఇక్కడే ఉండిపోయాడు. కేంద్రంలో చేరి మూడు వారాలు. ఈ ఊరివాళ్ళకు ఆ పేరు పండగలా దొరికింది.

"ఏమప్పా డిల్లీ, ఈ పొద్దు పార్లమెంటు లేదా?" అంది వన్నూరమ్మ.

"వాయిదా ఏసీసినారు మేడం. ఒక ఫోను సేసుకోనా? మా ఊరికి. సెల్లులో సిగ్నలు నేదు."

"చేసుకో. తొందరగా. లైను ఖాళీగా ఉండాల్ల."

అతను నంబరు నొక్కి, ఊరంతా వినేలా గొంతెత్తాడు. "అప్పా! నానే, ఢిల్లీని! ఒంట్లో ఎలాగుంది? గుంటడు పాలు తాగుతున్నాడా? ఆఁ? రేత్రల్లా ఏడుపేనా? నువ్వు లెగకప్పా. పదకొండు రోజులు దాటే దాకా మంచం దిగకు. పన్లన్నీ బావ సేస్తాడు. సెయ్యడేటి? నాను సెప్తాను, ఇయ్యి ఫోను!"

వన్నూరమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అతను పెట్టేయగానే ఇక ఆపుకోలేకపోయింది. "ఏమిరా డిల్లీ, మీ నాయనకు కాన్పయిందా? మీ అప్ప పాలిస్తాడా?"

"నాయనేటి మేడం? అప్ప. మా అప్ప సత్యవేణి."

"అప్పంటే నాయన కదప్పా?"

"మా కాడ అప్పంటే అక్క. నాయన్ని బాబంటాం. ఈ ఊర్లో మీసాలున్న పెతీవోన్నీ అప్పా అప్పా అంటంటే, మొదటి వారం నవ్వాపుకోనేక సచ్చినాను."

వన్నూరమ్మ నవ్వు ఆగిపోయింది. ముఖం మీద దాని ఆకారం మాత్రం కాసేపు మిగిలింది.

"లెగట్నేదు అంటే?"

"లెగడం నేదని. లేవడం."

"ఎవలు అంటే?"

"ఎవరని. ఏటయింది మేడం?"

ఆమె రిజిస్టరు లాక్కుంది. పేజీ తిప్పింది. వేలు సోమవారం గడి మీద ఆగింది. తండ్రి తాగి పడిపోయాడు. తన చేతిరాతే. గుండ్రంగా, శుభ్రంగా, కొట్టివేతలు లేకుండా.

"నేను లేస్తాడు అన్న్యా," అంది. ఎవరితో అంటోందో ఆమెకే తెలియదు. "లేస్తాడు అంటే ఆ బిడ్డ ఎవరు అని అడిగింది. ఎవడు లేస్తాడు, ఎవని గురించి చెప్తాండావక్కా అని అడిగింది. నేను నీళ్ళు చల్లమన్న్యా." కుర్చీలో కూలబడింది. "సిన్నప్పుడు మా అప్పను సారాయి అంగడి కాడ లేపని దినం లేదురా నాకు. ఆ మాట చెవిన పడగానే మా అప్పే కనపడినాడు. ఆ బిడ్డ నాకు కనపడనే లేదు."

నా పక్కనే కూర్చుని ఒక మనిషి తన తప్పును అంత గట్టిగా పలకడం నేను అంతకుముందు వినలేదు.

ఏడవడానికి ఆమె సమయం తీసుకోలేదు. నన్ను లాక్కుని ఎక్స్చేంజి నంబరు కొట్టింది. అవతల ఒక ఆడగొంతు లెటరు అంది, సంతకం అంది.

"అమ్మా, మీకు బిడ్డలుండారా?" అంది వన్నూరమ్మ. "ఒక పాప వాళ్ళక్క లేవలేదని నాకు ఫోను చేసింది. ఇప్పటికి ఇరవై గంటలు దాటింది. లెటరు నేను మధ్యాహ్నం తెచ్చిస్తా. నా కొలువు పోయినా తెచ్చిస్తా. మీరు నంబరు చెప్పండి."

అవతల కాగితాలు కదిలాయి. కీబోర్డు చప్పుడైంది. తర్వాత ఆరంకెలు ఒక్కొక్కటిగా వచ్చాయి. వన్నూరమ్మ పలుకుతుంటే, తన బల్ల దగ్గరనుంచి లేచొచ్చిన మక్బూల్ సారు రాస్తున్నాడు. మూడో అంకెకు నాకు గుండె ఉంటే ఆగిపోయేది. అది ఒకప్పుడు నా నంబరు. ఐదో అంకె దగ్గర మక్బూల్ సారు పెన్ను ఆగింది. ఆరోది ఆయన వినకుండానే రాశాడు.

గదిలో ముగ్గురూ ఆ కాగితం వైపు చూశారు.

"నిన్న ఈ నంబరే కొట్టినాను," అన్నాడు మక్బూల్ సారు.

"పాప ఫోను చేసిందని ఆయనకే చెప్పినాం సార్," అంది వన్నూరమ్మ. అప్పటికే చెప్పులేసుకుని లేచింది. "డిల్లీ, జీపు తియ్యి."

మక్బూల్ సారు స్టేషనుకు ఫోను చేశాడు. పట్టు మగ్గాల వీధి అన్నాడు, ఇంటి నంబరు చెప్పాడు, ఒక కానిస్టేబులును ఎక్కించుకుంటామన్నాడు. ఎవరి ఇల్లని ఎస్సై అడిగితే దగ్గు వచ్చింది ఆయనకు. సమితిలోని మేడమును తీసుకురావడానికి స్కూటరెక్కి వెళ్ళాడు. తలుపు దగ్గరగా వేశారు.

నేను ఒక్కదాన్నే మిగిలాను.

రెండు గంటల పది నిమిషాలు. గోడ గడియారం మీద లెక్కపెట్టాను. ఆ గదిలో అంతసేపు మనిషి లేకుండా నేనెప్పుడూ లేను. మూడుసార్లు మోగాను. మొదటిసారి ఎనిమిది మోతలు మోగి ఆగాను. రెండోసారి పదిహేను. మూడోసారి రెండే. ఒక ఫోను ఖాళీ గదిలో మోగుతుంటే అవతలివాళ్ళు దాన్ని పిలుపు అనుకుంటారు. ఫోనుకు మాత్రం తెలుసు, తను అడుగుతున్నదేమిటో. ఎవరైనా ఉన్నారా? ఎవరైనా? మూడో పిలుపు ఆ పిల్లదేనేమో. రెండు మోతలకే ఎవరో రిసీవరు లాక్కున్నారేమో. జీపు ఇంకా దారిలోనే ఉందేమో. అందరి కబుర్లూ మోసే నాకు నా కబురు మోసేవాళ్ళు లేరు.

ఒంటిగంట దగ్గర పడుతుండగా మక్బూల్ సారు తలుపు తోసుకుని వచ్చాడు. సమితి మేడమును పట్టు మగ్గాల వీధి మలుపులోనే దింపి వచ్చాడట. అంతలో నేను మోగాను. మొదటి మోత పూర్తి కాకుండానే ఎత్తాడు.

"సార్, ఆసుపత్రి నుంచి." వన్నూరమ్మ. పరిగెత్తి వచ్చిన గొంతు. "దొరికినారు. ఇద్దరూ."

మక్బూల్ సారు కూర్చున్నాడు.

"పోయేతలికి వెనక గేటు కాడ ఆటో నిలబెట్టినారు సార్. ఇంట్లో పిల్లలెవరూ లేరని ఆయనే నవ్వుతా చెప్పినాడు. లోపలికి రాండి, కాఫీ తాగి పోండి అన్న్యాడు. కానిస్టేబులు వెనక్కి తిరిగినాడు కూడా. అప్పుడు డిల్లీ షెడ్డు కాడికి పోయి వాళ్ళ భాషలో అరిసినాడు. 'ఒలే అమ్మీ, నాను సికాకులపోన్ని, ఎక్కడున్నావే!' అని. మగ్గాలన్నీ ఆగిపోయినాయి సార్. నూలు పెట్టే కొట్టులోంచి పలికింది బిడ్డ. బయట తాళం. ఆ తాళం డిల్లీ రాయితో పగలగొట్టినాడు."

"పెద్ద పాప?"

"నాడి ఉండాది. తలకు దెబ్బ. కుట్లేస్తుండారు. కండ్లు తెరవలేదు ఇంకా. సిన్నదాని పేరు అసిరి. పెద్దది పైడి. నేను సెప్పినట్లే చేసిందంట సార్ ఆ బిడ్డ. నిన్నట్నించి నీళ్ళు చల్లుతానే ఉండాది. కొట్టంతా తడి."

అసిరి. ఏడేళ్ళలో ఒక గొంతుకు పేరు దొరకడం నాకు అదే మొదలు.

మిగతా కథ ఆ సాయంత్రం నా మీదుగానే నడిచింది. వాళ్ళ అమ్మానాన్నలు అరవై మైళ్ళ అవతల రోడ్డు పనిలో ఉన్నారు. డేరాలో పాములొస్తున్నాయని, పెద్దింట్లో ఉంటే అన్నం, బడి దొరుకుతాయని మేస్త్రీ చెబితే పిల్లలిద్దరినీ పంపారు. తల్లి ఒక కిరాణా కొట్టు నుంచి ఫోను చేసింది. "మా గుంటలు బడికెళ్తన్నారని ఆ అయ్యగారే సెప్పినాడమ్మా ఫోన్లో, పెతీ నెలా," అంది. సమితి జీపు పంపుతుందని, ఆసుపత్రిలో పిల్లల దగ్గరే ఉండొచ్చని, తర్వాత చదువూ చోటూ చూస్తారని మాత్రం వన్నూరమ్మ చెప్పింది.

బుధవారం తొమ్మిదింటికి మెత్తని గొంతు మోగించింది. ఈసారి గొలుసు చప్పుడు లేదు. నిలబడి మాట్లాడుతున్నాడు.

"మక్బూల్ సార్, జరిగిందేదో జరిగింది. మెట్లమీంచి జారింది పిల్ల. ఖర్చంతా నాది. పిల్లల్ని తెచ్చినోడు ఆ మేస్త్రీ. చట్టానికి అడ్డంగా పనికి పెట్టింది వాడు. వాని పేరు రాయించండి, న్యాయంగా ఉంటుంది. ఆ మేడలో మీరు ఇంకా పదికాలాలు పిల్లలకు సేవ చేయాల కదా."

బెదిరింపు ఎక్కడా లేదు. వినయమే. అలాంటి మాటలు మోసినప్పుడే నా తీగ వేడెక్కుతుంది.

మక్బూల్ సారు రిసీవరు పెట్టేశాడు. వన్నూరమ్మ ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చింది. చీర నిన్నటిదే. కళ్ళు వాచి ఉన్నాయి, కానీ ముఖంలో వెలుగుంది. "తెల్లారి కండ్లు తెరిచింది సార్ పైడి. నీళ్ళడిగింది. పట్టు చిక్కు పడిందని మగ్గం కర్రతో కొట్టినాడంట. నేను పక్కనే ఉండా, నా చెవులతో విన్న్యా."

"పేరు చెప్పిందా?"

"అయ్యగారు అంటాది. వానికి పేరుండాదని కూడా తెలీదు ఆ బిడ్డలకు."

మక్బూల్ సారు ఫోను సంగతి చెప్పాడు. మేడ సంగతి చెప్పాడు. ఇది మూతపడితే జిల్లాలో ఇంకో ఫోను లేదన్నాడు. అది నిజమే. "మేస్త్రీ మీదా తప్పుంది కదమ్మా," అన్నాడు. అదీ నిజమే. నిజాలతో గోడ కట్టుకోవడం మనుషులకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

అప్పుడు నేను మోగాను.

వన్నూరమ్మ ఎత్తింది. ఎస్సై. వెనక స్టేషను గొడవ, ఎవరో ఎవరినో కుర్చీ అడుగుతున్నారు.

"వన్నూరమ్మ గారేనా? ఫిర్యాదు మీ పేరు మీదే కదా. కేసు రాస్తాండాను. పిల్లలు అయ్యగారు అంటుండారు. అయ్యగారు అని నేను ఎఫ్‌ఐఆర్‌లో రాయలేనమ్మా, ఈ ఊర్లో వెయ్యిమంది అయ్యగార్లు. మేస్త్రీ అని ఒకరు అంటుండారు, గుర్తు తెలియని వ్యక్తి అని రాయమని ఇంకొకరు. లోపలికి పోయి తెచ్చింది మీరు. విన్నది మీరు. ఎవరు కొట్టినారు?"

నా రిసీవరు మీద ఆమె వేళ్ళు బిగిశాయి. ఆసుపత్రి మందు వాసన. మక్బూల్ సారు వద్దన్నట్టు తల ఊపలేదు, సరేనన్నట్టూ ఊపలేదు. కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు.

ఆమె నోరు తెరిచింది. ఊపిరి పీల్చింది. మూసింది. ఇన్నేళ్ళూ పిల్లల ఊపిరి ఫోన్లు మోశాను. ఒక పెద్దమనిషి ఊపిరి ఫోను మోయడం అదే మొదటిసారి.

"హలో? ఉండారా?" అన్నాడు ఎస్సై.

"ఉండా," అంది. "మేస్త్రీ తెచ్చినాడు సార్, వాని పాపం వానిది, అది వేరే రాసుకోండి. తల పగలగొట్టినోడు వాడు కాదు."

"మరి?"

"సంజీవరాయుడు."

అవతల కుర్చీల గొడవ సద్దుమణిగింది. మక్బూల్ సారు కిటికీ దగ్గరనుంచి ఇటు తిరిగాడు.

"ఎవరూ? సరిగ్గా వినపడలేదు. గట్టిగా చెప్పండమ్మా."

వన్నూరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. మేడ మెట్ల కింద బీడీ కాలుస్తున్న ఢిల్లేశ్వరరావు తలెత్తి చూసేలా, వీధిలో నడిచేవాళ్ళు ఆగేలా, ఇంటిపేరుతో సహా ఒక్కొక్క అక్షరం నా మీద మోపి చెప్పింది.

"సిల్కు మగ్గాల బండమీది సంజీవరాయుడు!"